నాడి పట్టని వైద్యం

సర్కారు దవాఖానాల్లోకి కంప్యూటర్లొచ్చాయి. సంతోషమే. 2021 సెప్టెంబరు 27న కేంద్రం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ని దేశమంతటా మొదలుపెట్టింది. మనిషికో ఆభా నంబరు, 14 అంకెలు. అంతకుముందే, 2019లో, ఈ-సంజీవని వచ్చింది. పల్లె సబ్‌సెంటర్లో రోగి, ఎక్కడో పట్నంలో డాక్టరు, మధ్యన తెర. దీనికి ‘రోగే కేంద్రంగా వైద్యం’ అని పేరు. దీని మీద పరిశోధనలూ జోరుగానే సాగుతున్నాయి. ఎన్ని నంబర్లిచ్చారు, ఎంతమందిని చూశారు, రోగికి ఎంత బస్సు చార్జీ మిగిలింది - అన్నీ లెక్కగడుతున్నారు.

మరి ఏ రోగి కేంద్రం? ఊళ్లో రోగా, వాడలో రోగా?

ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదు. 11 రాష్ట్రాల్లో 565 ఊళ్లు తిరిగి ఘనశ్యామ్ షా, సుఖదేవ్ థోరట్ తదితరులు 2006లో పుస్తకం వేశారు. దాదాపు మూడో వంతు ఊళ్లలో ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్లకి రావడం లేదని అందులో తేలింది. 2010లో సంఘమిత్ర ఆచార్య గుజరాత్, రాజస్థాన్ ఊళ్లలో దళిత పిల్లల్నే అడిగారు. వివక్ష ఎక్కువగా ఎక్కడ ఎదురైందంటే, మందు ఇచ్చే చేతి దగ్గర. బిడ్డ చెయ్యి తగలకూడదు, అంతే!

నిన్నటిదాకా ముట్టుకోకపోతే అది అంటరానితనం. ఇయ్యాల తెర అడ్డం పెడితే అది టెక్నాలజీ. ముట్టుకోని వాణ్ణి నిలదీసే వీలు కూడా పోయింది.

కంప్యూటర్ని తోసెయ్యమని మేమనడం లేదు. బీపీ మాత్రల కోసం ఒక రోజు కూలి పోగొట్టుకునే మనోళ్లకి తెర మేలే చేస్తుంది. కానీ కడుపు నొక్కి చూడాల్సిన నొప్పిని, రొమ్ములో గడ్డని, నిండు చూలాలి కాళ్ల వాపుని తెరలో ఎట్లా చూస్తారు? చెయ్యి వెయ్యాల్సిన చోట చెయ్యి పడిందా లేదా అని ఏ లెక్క చెబుతుంది? ‘చూశాం’ అన్న లెక్కలో అది కలిసిపోతుంది.

2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లోనే దీనికి దారి ఉంది. నేరుగా చూడాల్సిన జబ్బా కాదా అన్నది డాక్టరు తేల్చాలి. ఆరోగ్య కార్యకర్త ఫోన్ కలిపితే రోగి స్పష్టంగా ఒప్పుకోవాలి. మధ్యలో ‘నాకిది వద్దు, నేరుగా చూపించుకుంటా’ అనే హక్కు రోగికుంది. వాడలో ఈ మాట ఎవరు చెప్పారు? నర్సమ్మకీ ఆశా వర్కర్‌కీ పని మీద పని, వాళ్లని తిట్టి లాభం లేదు.

పరిశోధకులు వాడకి రండి. ఆడోళ్లని అడగండి. నేరుగా డాక్టరు దగ్గరికి పంపింది ఎవర్ని, తెరతోనే సరిపెట్టింది ఎవర్ని, కులాలవారీగా లెక్క తీయండి. పేర్లు మాత్రం రాయొద్దు. మన జబ్బూ మన కులమూ ఒకే కంప్యూటర్లోకెక్కితే ఎవరి చేతిలో పడతాయోనన్న భయం మాకూ ఉంది.

ఈలోగా ఒక్క పని రేపే చెయ్యొచ్చు. పైన చెప్పిన మూడు మాటలూ పెద్దక్షరాల తెలుగులో ప్రతి సబ్‌సెంటర్ గోడ మీదా రాయించండి. చదువు రానోళ్లకి నెలకోసారి వాడలోనే చదివి వినిపించండి.