టామీ మెట్లెక్కగలదా?

ఆదివారం పొద్దున్నే ఇంటిల్లిపాదీ కారెక్కుతున్నారంటే ఇరుగుపొరుగుకి ఇట్టే అర్థమైపోతుంది... ఇల్లు చూడ్డానికేనని! హైదరాబాద్‌లో ఉద్యోగస్తుల సొంతింటి వేటంతా వారాంతాల్లోనే. ఈ వారం కొంపల్లి, వచ్చేవారం ఘట్‌కేసర్, ఆపైవారం శంకర్‌పల్లి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు పుణ్యమాని ఒక్కరోజులో రెండు మూడు చోట్లు చుట్టి రావచ్చు. పులిహోర డబ్బా, మంచినీళ్ల సీసాలు, బ్రోచర్లు అన్నీ సర్దుకున్నాక ఒక్క ప్రశ్న మిగిలిపోతుంది. పన్నెండేళ్ల టామీని ఏం చేయాలి?

వయసులో ఉన్న కుక్కయితే గిన్నెలో తిండి, నీళ్లు పెట్టి ఓ పూట తాళం వేసి వెళ్లొచ్చు. ముసలిదాని సంగతి వేరు. లాబ్రడార్ లాంటి పెద్దజాతి కుక్కలకు ఏడెనిమిదేళ్లకే వృద్ధాప్యం మొదలవుతుంది. చిన్నజాతివాటికి పదేళ్లు దాటాక. కీళ్లు పట్టేస్తాయి, కళ్లలో శుక్లాలొస్తాయి, మూత్రం ఆపుకోలేవు. వేళకి మాత్ర పడాలి. అందుకే ఇలాంటి ఇళ్లలో ఆదివారం వంతులు పడుతుంటాయి. 'మీరూ పిల్లలూ చూసి రండి, నేను వీడి దగ్గర ఉంటా' అంటుంది ఇల్లాలు. తీరా తిరిగొచ్చాక 'వంటింట్లోకి వెలుతురు వస్తుందా?' అని ఆవిడ అడిగితే ఆయన దగ్గర జవాబుండదు!

పోనీ, వెంట తీసుకెళ్తే? వెళ్లొచ్చు. కాకపోతే ఏర్పాట్లుండాలి. బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందే తిండి పెట్టేయాలి. కడుపు నిండుగా ఉంటే కుదుపులకు వాంతి చేసుకుంటుంది. నీళ్లు మాత్రం కొంచెం కొంచెంగా తాగిస్తుండాలి. సీటుమీద కాళ్లు జారకుండా పాత దుప్పటి వేయాలి. దూకి ఎక్కనివ్వకుండా ఛాతీ కింద ఓ చెయ్యి, వెనక తొడల కింద ఓ చెయ్యి వేసి ఎత్తి కూర్చోబెట్టాలి. ఔటర్ మీద ఎక్కడపడితే అక్కడ కారు ఆపకూడదు కాబట్టి, రోడ్డెక్కే ముందే దాన్ని ఓసారి దింపి తిప్పాలి.

అన్నిటికన్నా ప్రమాదం... 'ఐదు నిమిషాల్లో వచ్చేద్దాం' అంటూ దాన్ని కార్లో వదిలి ఫ్లాట్ చూడ్డానికి వెళ్లడం. బయట 30 డిగ్రీలే ఉన్నా, ఎండలో అద్దాలు మూసిన కారు లోపల పది నిమిషాల్లో దాదాపు 40కి, అరగంటలో 50 దగ్గరికి చేరుతుంది. అద్దం కాస్త దించినా పెద్ద తేడా ఉండదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ ఒంటివేడి తగ్గించుకుంటుంది. ఉడికిపోతున్న కారులో అదీ సాగదు. పగ్ లాంటి చప్పిడిముక్కు జాతులకు మరీ కష్టం. పిల్లికైతే ప్రయాణమే పడదు. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేసేట్టయితే దాన్ని దాని మూలన వదిలి వెళ్లడమే నయం.

ఇంత శ్రమపడి టామీని తీసుకెళ్తే ఓ లాభం ఉంది. ఇంట్లో లోపాలు మనకన్నా ముందు దానికే తెలుస్తాయి. అద్దంలా మెరిసే టైల్స్ చూసి అందరూ మురిసిపోతుంటే, టామీ వెనక కాళ్లు చెరోవైపు జారిపోతుంటాయి. 'లిఫ్టుంది కదండీ' అంటాడు చూపించడానికొచ్చిన కుర్రాడు. కరెంటు పోతే ఆ లిఫ్టు పనిచేస్తుందా? చేయకపోతే ముప్ఫై కిలోల కుక్కను మూడో అంతస్తుకి ఎవరు మోస్తారు? కిందికి దిగితే నాలుగడుగులు వేయడానికి కాస్త మట్టి, చెట్టునీడ ఉన్నాయా? నగరంలో ఉంటే నారాయణగూడ పశువైద్యశాలో, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రో గుర్తొస్తాయి. ఔటర్ దాటి వెళ్లాక దగ్గర్లో ఉన్న పశువుల డాక్టరెవరు? ఈ ప్రశ్నల్లో టామీ పేరు తీసేసి మోకాళ్లనొప్పుల నాయనమ్మని పెట్టి చూడండి. ఒక్కటీ మార్చక్కర్లేదు!

అన్నీ కుదిరాక అడ్డుపడేది అసోసియేషన్. 'మా దగ్గర కుక్కలు ఒప్పుకోరండీ' అంటారు. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం... ఎక్కువమంది సభ్యులు కలిసి తీర్మానించినా పెంపుడు జంతువుల్ని నిషేధించకూడదు. లిఫ్టు ఎక్కొద్దనీ అనకూడదు. అలాగని పెంచేవాళ్లకు బాధ్యత లేదని కాదు. టీకాలు వేయించాలి, బయటికి తెస్తే గొలుసు ఉండాలి, అది మురికి చేస్తే ఎత్తిపోయాలి. అద్దె ఇల్లయితే యజమానితో ముందే మాట్లాడి, ఆ మాట ఒప్పందంలో రాయించుకోవడం మేలు.

ఈలోగా చుట్టాలు ఊరుకోరు. 'ఇరవయ్యేళ్ల అప్పు కట్టబోతూ, రేపో మాపో పోయే కుక్కకోసం ఇల్లు వదులుకుంటారా?' అంటారు. అక్కడే కొందరు మెత్తబడతారు. ఊరి చివర ఏ ఫామ్‌హౌస్ దగ్గరో దింపేసి వచ్చేస్తారు. పన్నెండేళ్లు మంచం పక్కన పడుకున్న ప్రాణికి తిండి వెతుక్కోవడం తెలియదు, వీధికుక్కల్ని ఎదిరించే ఓపికా ఉండదు. ఆకలికీ దాహానికీ మాడిపోయేట్టు జంతువుని అకారణంగా వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా.

అలా వదిలేయకుండా వెంట తెచ్చుకున్నవాళ్లకు కొత్త ఇంట్లో పనేమీ కొండంత కాదు. చూపు మందగించిన కుక్కకి ఇల్లంటే వాసనే. కాబట్టి దాని పాత పరుపుని ఉతక్కుండా తెచ్చి ఓ మూలన వేయాలి. అదే గిన్నె, అదే వేళ. మొదటి కొన్ని రోజులు ఒక గదితోనే అలవాటు చేసి, తర్వాత మిగతావి చూపించాలి. నడిచే దారిలో గోనెపట్టాలో రబ్బరు మ్యాట్లో పరవాలి. నొప్పి పడుతోంది కదా అని మనం మింగే మాత్రలు మాత్రం వేయకూడదు. వాటిలో కొన్ని కుక్కలకీ పిల్లులకీ ప్రాణాంతకం.

టామీ ఆ ఇంట్లో ఏడాది ఉంటుందో, మూడేళ్లుంటుందో ఎవరూ చెప్పలేరు. వాయిదాలు మాత్రం దాని తర్వాతా కడుతూనే ఉంటాం. అయితే, చేతగాని వయసులో ఉన్నవాళ్లకి ఇంట్లో ఎంత చోటివ్వాలన్నది పిల్లలకు నోటితో చెబితే తలకెక్కదు. ఇల్లు చూసే రోజునే, టామీ కోసం అమ్మానాన్నలు ఏ ఇంటిని వద్దన్నారో వాళ్లు చూస్తూనే ఉంటారు.