వార్డు చూడని సర్టిఫికెట్

విజయనగరం జిల్లా గజపతినగరం, చుట్టుపక్కల బొండపల్లి, దత్తిరాజేరు, గంట్యాడ, మెంటాడ మండలాల్లో ఇంటర్ గట్టెక్కిన పిల్లలకు, అందులోనూ ఆడపిల్లలకు, ఇంటి పెద్దలు ముందుగా చూపించే దారుల్లో ఆసుపత్రి ఉద్యోగం ఒకటి. ఎంబీబీఎస్ సీటు అందరికీ అందేది కాదు. బీఎస్సీ నర్సింగ్ అంటే నాలుగేళ్ల చదువు, నాలుగేళ్ల ఫీజులు. ఇక మిగిలేవి ల్యాబ్ టెక్నీషియన్, హెల్త్ అసిస్టెంట్, ఆపరేషన్ థియేటర్ అసిస్టెంట్, జనరల్ డ్యూటీ అసిస్టెంట్ లాంటి కోర్సులు. వాటిలో చేరడం తప్పు కాదు, చేరమనడమూ తప్పు కాదు. డాక్టరు చెయ్యి పడే ముందూ, పడిన తర్వాతా రోగిని కనిపెట్టుకుని ఉండేది ఈ సహాయకులే. తప్పు ఎక్కడుందంటే, ఆసుపత్రి మంచం పక్కన నిలబడి నేర్వాల్సిన పనిని తరగతి గదిలో నోట్సు రాయించి, చివర్లో ఒక కాగితం చేతిలో పెట్టి పంపేయడంలో. వైద్య సహాయకుల శిక్షణ ఆసుపత్రిలోనే, అనుభవజ్ఞుల కళ్లెదుట, గంటల లెక్కన జరగాలి. అలా జరగనిదాన్ని శిక్షణ అని పిలవనివ్వకూడదు. ఆ పద్ధతికి నాంది పలకడానికి గజపతినగరం ప్రభుత్వ ఆసుపత్రి తగిన చోటు.

ఈ పనిలో ఏముందిలే, నాలుగు రోజులు చూస్తే వచ్చేస్తుంది అనే చులకన భావం మనలో చాలామందికి ఉంది. రోజూ ఓపీలో జరిగే బీపీ పరీక్షనే తీసుకోండి. రోగిని వెన్ను ఆనేలా, పాదాలు నేలకు తగిలేలా కూర్చోబెట్టి ఐదు నిమిషాలు ఆగాలి. చెయ్యి గుండె ఎత్తున ఉండాలి. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఆ అంకె చూసి డాక్టరు రాసే మాత్రను రోగి ఏళ్ల తరబడి మింగుతాడు. రక్తం తీసేటప్పుడు రోగి పేరు అతని నోటితోనే చెప్పించుకుని, మంచం పక్కనే ట్యూబు మీద రాయాలి. రక్తకణాల లెక్కకు వాడే ఊదారంగు మూత ట్యూబును మెల్లగా తిరగేయాలి. గట్టిగా కుదిపితే కణాలు చితికి రిపోర్టు తప్పుతుంది. పని అయ్యాక సూది తెల్లటి గట్టి డబ్బాలోకి, సెలైన్ గొట్టం ఎర్ర సంచిలోకి, గాజు సీసా నీలం పెట్టెలోకి, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి వెళ్లాలని 2016 నాటి జీవవ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. ఈ రంగులు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకోవడం తేలికే. వార్డు కిటకిటలాడుతున్నప్పుడు, చేతిలో రక్తం అంటిన సూది ఉన్నప్పుడు, పక్క మంచం నుంచి ఎవరో కేకేస్తున్నప్పుడు సరైన డబ్బాలో వేయగలగడమే అసలు చదువు. గట్టున కూర్చుని ఈత నేర్చుకున్నవాడిని నీళ్లలోకి తోస్తే మునిగేది వాడొక్కడే. ఇక్కడ మునిగేది రోగి కూడా.

చట్టం ఈ సంగతిని గుర్తించింది. 2021లో పార్లమెంటు చేసిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం పది తరగతుల కింద యాభైకి పైగా వృత్తులను చేర్చింది. ల్యాబ్, రేడియాలజీ, డయాలసిస్, మత్తు సహాయకులు, అత్యవసర సేవల సిబ్బంది, ఫిజీషియన్ అసోసియేట్లు అందులో ఉన్నారు. అనుబంధ వృత్తి నిపుణులకు కనీసం 2,000 గంటల చదువు, అదీ రెండు నుంచి నాలుగేళ్ల వ్యవధిలో ఉండాలని ఆ చట్టం తేల్చి చెప్పింది. రాష్ట్రాలు మండళ్లు ఏర్పాటు చేసి, అర్హుల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి. అమలులో తాత్సారం చూసి విసిగిన సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో రెండు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది. మరోవైపు జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సులు నైపుణ్యాభివృద్ధి శాఖ గొడుగు కింద నెలల లెక్కన సాగుతున్నాయి. ఆ 2,000 గంటల కొలబద్ద వీటికి వర్తించదు. ఫలితంగా రెండేళ్లు చదివినవారూ, కొన్ని నెలల్లో ముగించినవారూ ఒకే రకం యూనిఫాంలో, ఒకే వార్డులో కనిపిస్తారు. ఎవరు ఏ పని చేయవచ్చో రోగికి తెలియదు. చాలాచోట్ల యాజమాన్యానికీ పట్టదు.

వైద్య సిబ్బందిని తయారు చేసుకోవడం ఉత్తరాంధ్రకు కొత్త విద్య కాదు. నేటి ఆంధ్ర మెడికల్ కాలేజీకి మూలం 1902లో విశాఖపట్నంలో మొదలైన మెడికల్ స్కూలు. అది 1923లో కళాశాల అయింది. స్వాతంత్ర్యం తర్వాత 1973లో కర్తార్ సింగ్ కమిటీ మలేరియాకు ఒకరు, టీకాలకు ఒకరు, కుటుంబ నియంత్రణకు ఒకరు అన్న పద్ధతి పోయి, అన్ని పనులూ తెలిసిన బహుళార్థ ఆరోగ్య కార్యకర్త ఉండాలని సూచించింది. ఈనాటి హెల్త్ అసిస్టెంట్ల, ఏఎన్ఎంల పనితీరు ఆ ఆలోచన సంతానమే. సంపన్న దేశాలు కూడా ఈ విషయంలో దెబ్బతిన్నాకే కళ్లు తెరిచాయి. ఇంగ్లండులో మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆసుపత్రి నిర్లక్ష్యం బయటపడ్డాక, 2013లో కావెండిష్ నివేదిక సహాయకుల శిక్షణను పరిశీలించింది. రోగికి అన్నం తినిపించడం, ఒళ్లు తుడవడం, నడిపించడం లాంటి సేవలో అధికభాగం వారే చేస్తున్నా, అందరికీ ఒకే తీరు తప్పనిసరి శిక్షణ లేదని తేల్చింది. ఆ తర్వాతే 2015 ఏప్రిల్ నుంచి 15 ప్రమాణాలతో కేర్ సర్టిఫికెట్ వచ్చింది. తరగతిలో విన్నంత మాత్రాన అది చేతికి రాదు, పని చేస్తుండగా చూసి సరేననిపించుకోవాలి. మనం అరువు తెచ్చుకోవాల్సింది ఆ పద్ధతినే.

ఇలా శిక్షణ ఇచ్చుకుంటూ పోతే వీధికో ఆర్ఎంపీ తయారవుతాడని వైద్యుల్లో కొందరి అభ్యంతరం. ఈ భయం నిరాధారం కాదు. పశ్చిమ బెంగాల్‌లోని బీర్‌భూమ్ జిల్లాలో 304 మంది అనధికార వైద్యులపై జరిగిన ప్రయోగం ఫలితాలు 2016లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. తొమ్మిది నెలల్లో 72 తరగతులు చెప్పారు. రోగులను సరిగా సంబాళించడం మెరుగుపడింది. అనవసరంగా మందులు, యాంటీబయోటిక్‌లు రాయడం మాత్రం తగ్గలేదు. ఇందులోంచి రెండు పాఠాలు తీయవచ్చు. శిక్షణ పనితనాన్ని పెంచుతుందన్నది మొదటిది. పైన అజమాయిషీ లేక, మందు అమ్మకం మీదే బతుకు ఆధారపడినప్పుడు శిక్షణ ఒక్కటే అలవాట్లను మార్చలేదన్నది రెండోది. కాబట్టి ఆర్ఎంపీ భయానికి విరుగుడు శిక్షణ మానేయడం కాదు. సహాయకుడిని జీతం మీద, ఆసుపత్రి గొడుగు కింద, బాధ్యత వహించే డాక్టరు లేదా నర్సు అజమాయిషీలో ఉంచి, మందు రాసే హక్కు లేదని రిజిస్టరులోనే రాయడం.

వైద్యుడి పనికీ, సహాయకుడి పనికీ మధ్య గీత స్పష్టంగా గీయకపోతే నష్టపోయేది శిక్షణ పొందినవారే. అస్సాం 2004లో చట్టం చేసి గ్రామీణ వైద్య డిప్లొమా ప్రారంభించింది. దాన్ని గౌహతి హైకోర్టు కొట్టేసింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. వైద్య విద్య ప్రమాణాలు రాష్ట్రం సొంతంగా మార్చేవి కావన్నది సారాంశం. అయితే అదే తీర్పులో, ఆ డిప్లొమా పొందినవారి పనిని వైద్యుల పని నుంచి విడదీసి 2015లో చేసిన మరో చట్టాన్ని కోర్టు నిలబెట్టింది. ఛత్తీస్‌గఢ్ 2001లో మూడేళ్ల కోర్సు పెట్టి, కొన్ని బ్యాచ్‌ల తర్వాత ఆపేసింది. అందులో చదివి గ్రామీణ వైద్య సహాయకులుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చేరినవారు సాధారణ జబ్బుల విషయంలో ఎంబీబీఎస్ వైద్యులకు దీటుగా ఉన్నారని 2010 నాటి అధ్యయనం తేల్చింది. చేతిలో పని ఉన్నా కోర్సుకు భవిష్యత్తు లేకపోయింది. పక్కా శిక్షణ, పక్కా చట్టం రెండూ ఉంటేనే ఆ పిల్లల బతుకుకు భరోసా. ‘పేదలకు రెండో రకం వైద్యమా?’ అనే ప్రశ్నకూ జవాబు ఇక్కడే ఉంది. డాక్టరు బదులు సహాయకుడిని కూర్చోబెడితే అది రెండో రకం వైద్యమే, దాన్ని ఎవరూ సమర్థించకూడదు. డాక్టరు పక్కన శిక్షణ లేని మనిషిని నిలబెట్టడం మాత్రం మొదటి రకం వైద్యం అవుతుందా? పేద రోగికి డాక్టరూ కావాలి, ఆ డాక్టరు చెప్పింది తప్పు లేకుండా చేసే చెయ్యీ కావాలి.

ఇప్పటికే రద్దీగా ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి మీద విద్యార్థులను కూడా రుద్దితే సిబ్బందికి భారం, రోగులకు ఇబ్బంది అనే వాదన మరొకటి. పాతికమందిని ఒకేసారి వార్డులోకి వదిలితే నిజంగా అంతే. నర్సుకు ఇద్దరు ముగ్గురికి మించకుండా పంచాలి. నేర్పే నర్సుకు, టెక్నీషియనుకు ఆ పనికి విడిగా భత్యం ఇవ్వాలి. సూది, రక్తనాళం లాంటి పనులు ముందు బొమ్మల మీద, ఆ తర్వాతే మనిషి మీద, అదీ రోగి ఒప్పుకుంటేనే చేయించాలి. ఆరు నెలలు తిరిగేసరికి వారిలో చాలామంది ఓపీ చీటీలు, బీపీ, బరువు, షుగర్ పరీక్ష లాంటి పనుల్లో ఆసరా అవుతారు. వైద్య విద్యార్థులు, నర్సింగ్ విద్యార్థులు ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే నేర్చుకుంటున్నప్పుడు సహాయకులకు మాత్రం తలుపు మూయడంలో న్యాయం లేదు.

ఇక డబ్బు సంగతి. రెండేళ్లు చదవడానికి పేదింటి పిల్లలకు ఓపిక ఎక్కడిది, వెంటనే సంపాదన కావాలి కదా అంటారు. ఇది అన్నిటికంటే బరువైన అభ్యంతరం. పొలం పని, ఇటుక బట్టీ, హైదరాబాద్ వలస తప్ప వేరే ఆదాయం లేని ఇళ్లకు నెల నెలా వచ్చే నాలుగు రూకలు ముఖ్యమే. అందుకే శిక్షణ ఉచితమైతే సరిపోదు, దానికి స్టైపెండ్ కూడా ఉండాలి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఉంది. 2016లో వచ్చిన జాతీయ అప్రెంటిస్ ప్రోత్సాహక పథకం స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకు రూ.1,500 వరకు, కేంద్రం భరించేలా రూపొందింది. గ్రామీణ యువతకు 2014 నుంచి దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ఉంది. ఇంటర్ ఒకేషనల్‌లో బహుళార్థ ఆరోగ్య కార్యకర్త, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు ఎప్పటినుంచో ఉన్నాయి. వీటన్నిటినీ ఒక వరుసలో మెట్లుగా పేర్చాలి. కొన్ని నెలల కోర్సు చేసినవారు రోగి శుభ్రత, కదలిక, ఆహారం వరకే పరిమితమై ఉద్యోగంలో చేరవచ్చు. పని చేస్తూ నేర్చిన గంటలు వారి ఖాతాలో జమ కావాలి. పై మెట్టు ఎక్కి 2,000 గంటల డిప్లొమా చదవాలనుకున్నప్పుడు ఆ గంటలను లెక్కలోకి తీసుకోవాలి. అప్పుడు చిన్న కోర్సు మోసం కాదు, మొదటి మెట్టు అవుతుంది.

ప్రైవేటు ఆసుపత్రులు శిక్షణ పొందినవారికి ఎక్కువ జీతం ఇవ్వాల్సి వస్తుందని వెనకాడవచ్చు. తక్కువ జీతానికి దొరికే చేతుల ఖరీదు రోగులు చెల్లిస్తున్నారన్న సంగతి వారికీ తెలుసు. ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషనుకు రాష్ట్రంలో 2002 నాటి చట్టం ఉంది. ఆ రిజిస్ట్రేషన్ రెన్యూవల్ సమయంలో వార్డులో, ల్యాబులో, థియేటర్లో ఎవరు ఏ అర్హతతో పని చేస్తున్నారో జాబితా అడగాలి. ఆ జాబితాను ఓపీ గోడ మీద తెలుగులో అతికించాలి. కొత్త చట్టమేదీ అక్కర్లేదు, ఉన్నదాన్ని తనిఖీకి వెళ్లిన అధికారి చదివితే చాలు. అలాగే కోర్సు పేరుతో ఫీజు వసూలు చేసే ప్రతి సంస్థా ఏ ఆసుపత్రితో ఒప్పందం ఉందో, ఎన్ని మంచాలున్నాయో, విద్యార్థి ఎన్ని గంటలు వార్డులో ఉంటాడో దరఖాస్తు ఫారం మీదే అచ్చు వేయాలి. ఆ మూడు వివరాలూ చెప్పలేని సంస్థకు అనుమతి ఉండకూడదు.

గజపతినగరమే ఎందుకంటే, ఇది విజయనగరం–సాలూరు జాతీయ రహదారి మీద, విజయనగరం–రాయపూర్ రైలు మార్గం మీద ఉన్న ఊరు. చుట్టుపక్కల మండలాల పిల్లలు పొద్దున వచ్చి సాయంత్రానికి ఇంటికి చేరగలరు. హాస్టల్ ఖర్చుకు భయపడి ఆడపిల్లల చదువు ఆపే ఇళ్లకు ఇది చిన్న విషయం కాదు. 2023 సెప్టెంబరులో 150 సీట్లతో మొదలైన విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాల దగ్గరలోనే ఉంది. బోధన, పరీక్షల బాధ్యత దానికి అప్పగించవచ్చు. ఒకవైపు పార్వతీపురం మన్యం ఆసుపత్రులు, మరోవైపు ఉద్దానం కిడ్నీ రోగుల కోసం 2023 డిసెంబరులో పలాసలో తెరిచిన 200 పడకల ఆసుపత్రి. ఈ రెండింటికీ స్థానిక భాష తెలిసిన, ఊళ్లో నిలిచే సిబ్బంది కావాలి. డయాలసిస్ యంత్రం దగ్గర నాలుగు గంటలు రోగిని కనిపెట్టుకుని కూర్చునే మనిషి ఇక్కడివాడైతే బదిలీ కోసం ఎదురుచూడడు. గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, ప్రవాసాంధ్రుల వ్యవహారాలు చూస్తున్న రాష్ట్ర మంత్రి కొండపల్లి శ్రీనివాస్ ఈ నియోజకవర్గ ఎమ్మెల్యే కూడా. పొదుపు సంఘాల ఇళ్లలోని పిల్లలకు శిక్షణ, ఆ తర్వాత విదేశాల్లో ఉద్యోగం, రెండూ ఆయన శాఖల పరిధికి దగ్గరివే. వైద్యారోగ్య, నైపుణ్యాభివృద్ధి శాఖలను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి తొలి బ్యాచ్‌కు తేదీ ఖరారు చేయించాల్సిన బాధ్యత కూడా ఆయన మీద ఉంది. అది జరిగేదాకా వార్డులో గంటలు చూపించలేని ఏ కోర్సుకూ ఈ జిల్లాలో కొత్తగా అనుమతి ఇవ్వకూడదు.