శనివారం దాకా ఆగని పనులు

‘ఎంత ఉద్యోగమైనా ఇంటికి కాస్త టైము ఇవ్వాలి’ అని కుర్రాళ్లకు సుద్దులు చెప్పే నా ఈడు వాళ్లందరికీ ఒక మాట. మన రోజుల్లో ఆ టైము మనకెలా దొరికిందో గుర్తుందా? నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను. క్యాష్ లెక్క తేలని రోజులు, మార్చి నెలాఖరు తప్పిస్తే ఏడింటికల్లా ఇంట్లో ఉండేవాణ్ని. పిల్లల చేత ఎక్కాలు చెప్పించింది, అమ్మకు మందులిచ్చింది ఆ వేళలోనే. అందులో నా గొప్పేమీ లేదు. పనివేళలు అలా ఉండేవి.

ఇప్పుడు కూకట్‌పల్లిలో మా అమ్మాయి ఇంట్లో ఉంటూ మనవణ్ని చూసుకుంటున్నాను. వాడు తొమ్మిదింటికి నిద్రపోతాడు. చాలా రోజులు వాళ్లమ్మ ఆ తర్వాతే వస్తుంది. పెందలాడే వచ్చినా ఫోన్లో మీటింగు నడుస్తూనే ఉంటుంది. ఆ పిల్లకు నేనేం సలహా చెప్పను?

2025లో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో రోజుకు 10 గంటల పనికి అనుమతిచ్చాయి. వారానికి 48 గంటల హద్దు అలాగే ఉంది కదా, ఒకరోజు ఎక్కువ చేస్తే ఇంకోరోజు తీరిక దొరుకుతుంది కదా అని సమర్థించేవారున్నారు. సెలవు విలువ నాకు తెలియనిది కాదు. 2015 సెప్టెంబరు నుంచి బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవిచ్చారు. ఆ సెలవుల్లో పెళ్లిళ్లకు వెళ్లాం, ఊళ్లో పొలం చూసుకొచ్చాం. కానీ మంగళవారం బడిలో దెబ్బలాడి వచ్చిన పిల్లాడు ఆ కబురు శనివారం దాకా దాచుకోడు. అప్పుడడిగితే ‘ఏమో’ అంటాడు. ముసలివాళ్లకు రాత్రి వేయాల్సిన బీపీ మాత్రా అంతే. ఇంట్లో ముఖ్యమైనవన్నీ ఏ రోజుకారోజు చేయాల్సినవే. పది గంటల పనికి మధ్యలో విరామం, రానూపోనూ ట్రాఫిక్ కలిపితే ఇక మిగిలేది తిండీ నిద్రే. వారం లెక్క సరిపోతుంది, ఏ రోజు లెక్కా సరిపోదు.

అందుకే యాజమాన్యాలకు నా విన్నపం: సాయంత్రం ఆరు దాటాక మీటింగులు పెట్టకండి. ప్రభుత్వాలు వారానికే కాదు, రోజుకూ గట్టి హద్దు గీయాలి. ఉద్యోగంలో చేరే పిల్లలు జీతంతో పాటు ఇంటికెళ్లే వేళ కూడా అడగాలి. ఇక మన పెద్దలం, సుద్దులు చెప్పాలనుకుంటే పిల్లలకు కాదు, వాళ్ల చేత పని చేయించుకునే వాళ్లకు చెబుదాం.