రంగు ఆరేదాకా

బిలాస్‌పూర్‌లో రైలు మారాలంటే కాసేపు ఆగక తప్పదు. 1918లో వెలువడిన 'పలాతక' సంపుటిలోని 'ఫాంకి' కవితలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఒక జంటను ఇదే స్టేషన్‌లో ఆరు గంటలు కూర్చోబెట్టారు. ఆ కవే అరవై దాటాక కుంచె పట్టి, 1930లో ఏకంగా పారిస్‌లో తన బొమ్మల ప్రదర్శన పెట్టారు. ఆయన పేరు బొమ్మలకన్నా ముందే అక్కడికి చేరింది కాబట్టి సరిపోయింది. పేరు లేని చిత్రకారుడికి బిలాస్‌పూర్ నుంచి పారిస్ సంగతి దేవుడెరుగు, నాగపూర్ కూడా దూరమే. రైల్లో 400 కిలోమీటర్ల పైమాటే. హౌరాకైతే 700 దాటుతుంది.

బొమ్మ వేయడానికి మాత్రం ఈ ఊరు ఏ లోటూ చేయలేదు. వర్షాలు తప్ప వేరే ఆధారం లేని అర్పా నది వేసవిలో ఇసుక మేటగా మిగులుతుంది. ఉత్తరాన అచానక్‌మార్ అడవుల్లో సాల వృక్షాలు, కట్నీ దారిలో భన్వర్‌టోంక్ దగ్గర కొండను తొలిచిన సొరంగం, వానాకాలంలో కనుచూపుమేర వరి మళ్లు, వాటి మధ్యగా గంటల తరబడి సాగే బొగ్గు రైళ్లు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర కుటుంబాలు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ఇదే కేంద్రమయింది. రైల్వే కాలనీల్లో తెలుగు వినిపించడం వింతేమీ కాదు. బొమ్మలు నేర్చుకోవాలంటే రాష్ట్రంలోనే ఖైరాగఢ్‌లో 1956లో నెలకొల్పిన ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయం ఉంది. వచ్చిన చిక్కల్లా నేర్చుకున్నాక. వేసిన బొమ్మను చూసేదెవరు? కొనేదెవరు?

ఈ ప్రశ్నకు పాతికేళ్లుగా అందరూ చెబుతున్న జవాబు ఒక్కటే: ఇంటర్నెట్. జవాబు తప్పు కాదు. మీనల్, దినేశ్ వజీరానీ దంపతులు 2000లో సాఫ్రన్‌ఆర్ట్ మొదలుపెట్టినప్పుడు కంప్యూటర్ తెర చూసి లక్షలు పోసి బొమ్మ కొంటారా అని నవ్వినవారు, ఆ తర్వాత నవ్వడం మానేశారు. అయితే అక్కడ అమ్ముడయ్యేది ప్రధానంగా పేరు. అనామకుడికి దారి చూపింది మరొకరు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌కు చెందిన డువేన్ కైజర్ 2004 డిసెంబర్ నుంచి రోజుకొక చిన్న నూనెరంగుల చిత్రం వేసి నెట్‌లో పెట్టడం మొదలుపెట్టాడు. పోస్టుకార్డంత బొమ్మ, మొదటి పాట వంద డాలర్లు. గ్యాలరీ లేదు, దళారీ లేడు. ప్రపంచంలో ఎందరో చిత్రకారులు ఆ బాట పట్టారు.

ఆ బొమ్మ పోస్టుకార్డంత అన్న సంగతి మాత్రం మరవకూడదు. కోడిగుడ్డో, కాఫీ కప్పో ఆ కొలతలో ఒదుగుతుంది. మైలు వెడల్పున్న ఆకాశం ఒదుగుతుందా? కంప్యూటర్‌లో కాగితాన్ని అడ్డంగా తిప్పితే 'ల్యాండ్‌స్కేప్' అంటారు, నిలువుగా ఉంచితే 'పోర్ట్రెయిట్'. చిత్రకళ నుంచి అరువు తెచ్చుకున్న మాటలే అవి. లోకం మాత్రం ఫోన్‌ను నిలువుగా పట్టుకుంటుంది. 2010లో వచ్చిన ఇన్‌స్టాగ్రామ్ మొదట్లో చదరపు బొమ్మల్నే ఒప్పుకునేది. 2015లో అడ్డం, నిలువు బొమ్మలకూ అనుమతిచ్చింది. 2025 జనవరిలో ప్రొఫైల్ పేజీలోని చతురస్రాలను నిలువు గళ్లుగా మార్చింది. నదిని అడ్డంగా వేసే మనిషికి ఈ మార్పులన్నిట్లోనూ దక్కింది అంతంతమాత్రం. నాలుగడుగుల వెడల్పు కాన్వాస్ ఆ ఫోన్‌లో మూడంగుళాలకు మించదు. అర్పా ఇసుకలోని బూడిదరంగు ఛాయలన్నీ ఆ మూడంగుళాల్లో కలిసి ఒకే మురికి మరకవుతాయి. పక్కనే ఎవరో వేసిన నారింజ రంగు సూర్యాస్తమయం మాత్రం ధగధగలాడుతుంది. దానికే మెచ్చుకోళ్లు. నాలుగుసార్లు ఇలా జరిగాక కుంచె తనకు తెలియకుండానే నారింజ రంగు వైపు జరుగుతుంది. నెట్‌తో అసలు ప్రమాదం బొమ్మ అమ్ముడుపోకపోవడం కాదు. ఏ బొమ్మ వేయాలో తెరే నిర్ణయించడం.

దీనికి తోడు తొందర. నూనెరంగు నీటిరంగులా ఆవిరై ఆరదు. అందులోని అవిసె నూనె గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. పలుచటి పూత కొద్ది రోజుల్లో చేతికి అంటకుండా ఆరవచ్చు. మందంగా పెడితే నెలలు పడుతుంది. పైన వార్నిష్ పూయడానికి ఆరు నెలలైనా ఆగాలన్నది పాతకాలపు లెక్క. రోజుకొకటి పెట్టకపోతే జనం మరచిపోతారన్నది నెట్ లెక్క. ఈ రెండింటికీ పొత్తు కుదరదు. కుదర్చడానికి చాలామంది సగం వేసిన బొమ్మను, పలక మీద రంగులు కలుపుతున్న వీడియోను పెడుతున్నారు. అది తప్పనలేం. చూసేవారికి పని తెలుస్తుంది. కానీ సగం బొమ్మకే సలహాలు వచ్చిపడితే, మిగతా సగం ఎవరి చేత్తో పూర్తయినట్టు?

సాంకేతికత వచ్చి చిత్రకళను చెడగొట్టిందని వాపోయేవారికి చరిత్ర కాస్త భిన్నమైన కథే చెబుతుంది. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు తగరపు గొట్టంలో రంగు నింపే పద్ధతికి పేటెంటు తీసుకున్నాకే నూనెరంగులు సులువుగా గది దాటి పొలం గట్టుకు వెళ్లాయి. అక్కడికి చేర్చింది రైలు. పారిస్ నుంచి రైలెక్కి నదీతీరాలకు వెళ్లి బొమ్మలు వేసిన మోనే, 1877లో సాఁ లజార్ స్టేషన్‌నే బొమ్మల వరుసగా వేశాడు. ఆ లెక్కన రైల్వే ఊళ్లో ప్రకృతిని చిత్రించేవాడు ఈ కళ పుట్టింటికి దగ్గరివాడే.

బొమ్మ నకలు ఊరూరా తిరగడమూ కొత్త కాదు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చు యంత్రం పెట్టి తన చిత్రాల ఓలియోగ్రాఫ్‌లు జనంలోకి వదిలారు. తెలుగువారి పూజగదుల్లోకి లక్ష్మీ సరస్వతులు ఆ రూపంలోనే వచ్చారు. పేరు ఇంటింటికీ చేరింది, ప్రెస్ మాత్రం నష్టాల్లో కూరుకుపోయి కొన్నేళ్లకే జర్మన్ నిపుణుడు ష్లైషర్ చేతికి పోయింది. నకలు చూసిన ప్రతివాడూ అసలు కొనడు. నెట్‌లో వేల 'లైకులు' చూసుకుని మురిసేవారు ఈ లెక్క గుర్తుంచుకోవడం మంచిది.

ఇందుకు పూర్తిగా తలకిందులైన ఉదాహరణ రాజమండ్రిలో ఉంది. దామెర్ల రామారావు 1897లో పుట్టి, కళాశాల ప్రిన్సిపల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూల్‌లో చదివి, 1925 ఫిబ్రవరిలో మశూచితో కన్నుమూశారు. నిండా 28 ఏళ్లు బతకలేదు. పురాణ ఘట్టాలతో పాటు గోదావరిని, చుట్టుపక్కల కొండల్ని కూడా చిత్రించారు. బొమ్మలు చెదిరిపోకుండా భార్య సత్యవాణి, మిత్రుడు వరదా వెంకటరత్నం వంటివారు కాపాడారు కాబట్టి ఆయన పేరిట ఆర్ట్ గ్యాలరీ మిగిలింది. ఆయన బొమ్మల్ని అసలు రూపంలో చూడాలంటే ఈనాటికీ రాజమండ్రి వెళ్లాలి. చూసినవారు తక్కువే. కానీ నూరేళ్లు గడిచినా చూడటానికి బొమ్మ ఉంది. నెట్‌లో పెట్టిన బొమ్మను లక్షమంది చూడవచ్చు. ఆ వెబ్‌సైట్ మూతపడితే ఫోటో పోతుంది. వరదా వెంకటరత్నం లాంటి మిత్రుడు దొరక్కపోతే కాన్వాస్ కూడా పోతుంది.

మధిరలో పుట్టి హైదరాబాద్‌లో స్థిరపడిన సూర్యప్రకాశ్ (1940-2019) మరో దారి పట్టారు. తుప్పుపట్టిన కార్ల బొమ్మలతో పేరు తెచ్చుకుని, తర్వాత ఆకులు, నీళ్లు, నీళ్లలో నీడల మీదికి మళ్లారు. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఆస్థాన చిత్రకారుడిగా పనిచేశారు. ఆయన కాన్వాస్‌లు ఆ గోడలకు వేలాడుతుంటాయి. డాక్టర్ పిలుపు కోసం కూర్చున్నవారికి వాటి ఎదుట బోలెడు సమయం ఉంటుంది. ప్రకృతి దృశ్యానికి కావలసింది ఇలాంటి ప్రేక్షకుడే. ఆ మాటకొస్తే బిలాస్‌పూర్ స్టేషన్‌లో బండి కోసం కూర్చునేవారి సంఖ్య ఏ గ్యాలరీ సందర్శకులకూ తీసిపోదు. అక్కడి గోడల సంగతి రైల్వేవారు ఆలోచించాలి.

నెట్‌ను వద్దనుకోవడం మాత్రం ఇలాంటి ఊళ్లో ఉన్నవాడికి కుదిరే పని కాదు. కుదిరేది దాన్ని గుమ్మంగా వాడుకోవడం. ఫోటో నీడపట్టున తీయాలి, లేకుంటే తడి నూనె మెరుపు రంగును మింగేస్తుంది. ఒక ఫోటో పక్కనుంచి వెలుతురు పడేలా తీస్తే రంగు మందం తెలుస్తుంది. పక్కన మనిషినో కుర్చీనో ఉంచితే కొలత తెలుస్తుంది. విరిడియన్ ఆకుపచ్చ వంటివి తెరమీద ఉన్నదున్నట్టు రావని కొనేవారికి ముందే చెప్పేస్తే తర్వాతి తగువులు తప్పుతాయి. చట్టమూ తెలిసి ఉండాలి. సొంతంగా వేసిన బొమ్మను అమ్మినా, రాతపూర్వకంగా రాసివ్వనంతవరకూ కాపీరైట్ చిత్రకారుడిదే. ఎవరైనా డబ్బిచ్చి ఫలానా దృశ్యం వేయమని పురమాయిస్తే మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే అది వేయించుకున్నవారిది. 1994 సవరణతో వచ్చిన 53ఎ సెక్షన్ ప్రకారం అసలు చిత్రం మళ్లీ 10,000 రూపాయలకు మించి అమ్ముడైతే అందులో పది శాతానికి మించకుండా చిత్రకారుడికి వాటా రావాలి. ఆ వాటా అడిగి తీసుకున్నవారు కనిపించడం అరుదు.

ఇక పంపడం. పెద్ద కాన్వాస్‌ను చట్రం నుంచి విప్పి, లావుపాటి గొట్టానికి రంగు వైపు బయటికి వచ్చేలా చుట్టాలి. లోపలికి చుడితే పూత నలిగి బీటలిస్తుంది. అయితే అది పూర్తిగా ఆరిన కాన్వాస్‌కే. డబ్బు చేతికందింది కదా అని శ్రావణమాసపు ముసురులో మందపాటి రంగును చుట్టి పార్సిల్ చేస్తే విశాఖలోనో బెంగళూరులోనో విప్పేవారికి అర్పా నది గుడ్డకే అంటుకుని వస్తుంది. కొన్నాయన ఫోన్ చేసి ఎప్పుడు పంపుతారని అడిగితే, రంగు ఆరాక అని చెప్పాల్సిందే.