కంచె ఎవరిది, చేను ఎవరిది?

అగ్రరాజ్యాల నౌకాదళాల నీడలో చిన్నదేశం క్షేమంగా ఉంటుందన్న వాదం మళ్ళీ బలపడుతున్నది. న్యూజీలాండ్ మాజీ ప్రధాని డేవిడ్ లాంగీ 1990లో వెలువరించిన ‘న్యూక్లియర్ ఫ్రీ: ద న్యూజీలాండ్ వే’ను తిరిగి చదవవలసినది అందుకే.

1951లో అమెరికా, ఆస్ట్రేలియాలతో కుదిరిన ఆంజస్ ఒప్పందమే ఆ దేశానికి కంచె అన్నారు. 1985 ఫిబ్రవరిలో లాంగీ ప్రభుత్వం బుకానన్ అనే అమెరికన్ యుద్ధనౌకను రేవుకు రానివ్వలేదు. నౌకలో అణ్వాయుధాలున్నదీ లేనిదీ చెప్పకపోవడం అమెరికా నియమం. చెప్పనివారిని గడప దాటనివ్వకపోవడం ఇంటివారి హక్కు కాదా?

అదే యేడు జూలై 10న ఆక్లండ్ రేవులో రెయిన్‌బో వారియర్ ఓడను బాంబులతో ముంచారు. ఫెర్నాండో పెరేరా అనే ఛాయాగ్రాహకుడు మరణించాడు. ముంచినవారు సోవియట్లు కారు, అమెరికా మిత్రదేశమైన ఫ్రాన్సు గూఢచారులు. చేను మేసినది కంచె కాదు, కంచెకు చుట్టం. కంచె నోరు మెదపలేదు. పదేళ్ళ శిక్ష పడిన ఇద్దరు గూఢచారుల కోసం ఫ్రాన్సు న్యూజీలాండ్ వెన్న వ్యాపారం గొంతు పట్టుకున్నది. 1986 ఆగస్టులో అమెరికా తన రక్షణ పూచీని వెనక్కి తీసుకున్నది, బాంబు పెట్టినవారి నుండి కాదు, తలుపు వేసుకున్నవారి నుండి.

దూరమూ, పక్కనున్న ఆస్ట్రేలియా కూడా లాంగీ ధైర్యానికి అండ అన్న విమర్శలో నిజమున్నది. గూఢచార సమాచారం పంచుకునే ఫైవ్ ఐస్ కూటమినీ న్యూజీలాండ్ వదలలేదు. అయినా 2021లో పుట్టిన ఆకస్ కూటమి రెండవ విభాగంలో నేడు చేరమనేవారు ముందుగా ఆ జూలై రాత్రికి సమాధానం చెప్పాలి.