గృహరక్షణము: బండి మొగమునకు రాళ్లదెబ్బలు

2022వ సంవత్సరము దసరాలలో, ఆయుధపూజనాటి యుదయమున మా కారును కడిగి బొట్లు పెట్టబోవుచుండగా, మేము పెట్టకమునుపే బానెటు అంచున నాలుగైదు ఎఱ్ఱని చుక్కలు కనబడినవి. కడచిన శుక్రవారమునాటి కుంకుమ మిగిలియుండునని తలచి తడిగుడ్డతో తుడిచితిమి. పోలేదు. గోటితో గీచితిమి. చుక్క చుట్టునున్న తెల్లరంగు సన్నని పెచ్చుగా లేచి గోటికి వచ్చినది. దాని క్రింద ఇనుము తుప్పుపట్టి యున్నది. బండి కొని అప్పటికి పదునాలుగు మాసములే. బ్యాంకు అప్పు తీరుటకు ఇంకను నాలుగేండ్లకు పైగా గలదు.

కళాయి పాత్రలను గూర్చియు, పట్టుచీరల మడతలను గూర్చియు వ్రాయు నీ శీర్షికలో కారు ప్రసంగ మేల యని కొందఱు సోదరీమణు లనుకొనవచ్చును. అప్పుచేసి కొను వస్తువులలో ఇంటి తరువాత పెద్దది కారే గదా! అదిగాక, మావారు బడికి పోవుదురు గావున, మా అత్తగారిని వారమునకు రెండు మారులు నందిగామనుండి బెజవాడ వైద్యశాలకు గొనిపోవు పని మా చేతిలోనే యున్నది. ఆ దారిలో పరిటాల, దొనబండ ప్రాంతముల కంకర మిల్లు లున్నవి. కంకర లారీ వెనుక పోవువారికి మేము చెప్పబోవు సంగతి సగము తెలిసియే యుండును.

రాళ్లన్నియు లారీ పైనుండి రాలుననుకొనుట పొరపాటు. పైన పట్టా సరిగా కప్పనిచో రాలునవి కొన్ని గలవు, నిజమే. కాని రోడ్డుమీద పడియున్న చిన్న రాతిని లారీ వెనుక చక్రము త్రొక్కి విసరుట తఱచు జరుగును. జంటచక్రముల నడుమ ఇఱుకుకొన్న రాయి కొంతదూరము తిరిగి తిరిగి, ఒక్కసారిగా విడిపోయి వెనుకకు వచ్చును. అది బఠాణీగింజంతయే కావచ్చును. దానికి మన బండి ఎదురేగుచున్నది గదా. వేగము రెట్టింపైనచో దెబ్బ నాలుగు రెట్లగును. గంటకు 60 కిలోమీటర్లకు బదులు 90 కిలోమీటర్లు పోయినను దెబ్బ రెండింతలు దాటును.

ఆ దెబ్బను ఓర్చుకొనవలసిన రంగు ఎంత మందమో తెలిసినపుడు మేము నివ్వెఱపోయితిమి. ఇనుముమీద మొదట తుప్పును అడ్డు పూత, దానిపై ప్రైమరు, దానిపై వన్నె నిచ్చు రంగు, అన్నిటిపైన మెఱుపు నిచ్చు తేటపొర, ఇన్నియు కలిసి సాధారణముగా 100 మొదలు 150 మైక్రానులు. మన తలవెండ్రుకలు ఒకటి రెండు ప్రక్కప్రక్కన పెట్టినంత! పూర్వము మన యిండ్లలో ఎనామెలు పళ్లెము లుండెడివి. ఒకమారు క్రిందపడి పెచ్చూడిన పళ్లెము, ఆ చోటనే నల్లబడి తుప్పుపట్టి తుదకు చిల్లిపడుట చూడనివారుండరు. కారుకును అదే గతి. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు కోరును. కావున రంగుక్రింద ప్రక్కలకు ప్రాకి, దానిని బొబ్బవలె పైకి లేపును. సూదిమొనంత గాయము రెండు వానకాలములలో కందిగింజంత యగును. సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలిచేత ఇంకను త్వరగా నగును.

ఇక మా తెలివితక్కువ సంగతి. బండి కొన్ననాడే, ఒక దుకాణమువారు సిరామిక్ పూత యను ద్రవమును వేయించుకొనుడని, అది బండికి రాతికోటవంటిదని చెప్పిరి. పేరుకూడ పింగాణీని తలపించుచున్నది. మా అత్తగారి వైద్యమునకై దాచిన సొమ్ములోనుండి 18,000 రూపాయలు తీసి యిచ్చితిమి. ఆ యెఱ్ఱచుక్కలు చూచిన వెనుక మరల పోయి యడుగగా, పూచీకాగితము వెనుకవైపు సన్నని యక్షరములను చూపిరి. రాళ్లదెబ్బలకు పూచీ లేదని అచ్చట స్పష్టముగ నున్నది. పిల్లలకు వ్యాకరణము చెప్పు మావారుగాని, ప్రబంధములు చదివితిమని మురియు మేముగాని, ఆ వెనుకవైపు చదువనే లేదు.

ఆ పూత మోసపు వస్తువని మే మనము. దానివలన నీరు బొట్లు బొట్లుగా జారిపోవును, ధూళి తేలికగా వదలును, పక్షుల రెట్ట త్వరగా అంటుకొనదు. కాని దాని మందము ఒకటి రెండు మైక్రానులు మాత్రమే. అంత పలుచని దానికి ఎంత గట్టిదనమున్నను రాయి నాపు శక్తి యెక్కడిది? మైనపు పూతలకు, మెఱుగు నూనెలకు అసలే లేదు. అవి యన్నియు అలంకారములు, కవచములు కావు.

కవచ మనదగినది ఒక్కటే, పారదర్శకమైన ఫిల్ము. వియత్నాం యుద్ధకాలమున అమెరికా సైన్యమువారి హెలికాప్టరు రెక్కలకు ఇసుక, రాళ్లు తగిలి చెడకుండ ఈ జాతి పాలీయూరిథేను పొరలను వాడిరి. తరువాత అది పందెపు కార్ల ముందు భాగమునకు, అటనుండి మన యిండ్ల కార్లకు దిగివచ్చినది. మందము 150 మొదలు 200 మైక్రానులు, అనగా క్రిందనున్న రంగుకంటె ఎక్కువ. రబ్బరువలె సాగి, దెబ్బను తానే మ్రింగి, రాతిని మరల్చును. మేలైనవానిపై సన్నని గీతలు పడినచో ఎండవేడికి తామే పూడుకొనును. అయినను ఇది వజ్రకవచము కాదు. పెద్ద రాయి పడినచో ఫిల్ము చినుగును, రంగుకూడ పోవచ్చును.

కొనునపుడు టీ.పీ.యూ. ఫిల్మా, పీ.వీ.సీ. ఫిల్మా యని అడుగవలెను. రెండవది చౌక. కాని మన యెండలకు గట్టిపడి పచ్చబారును, తీయునపుడు తుంపులు తుంపులుగా వచ్చును. అతికించు ముందు రంగును సంపూర్ణముగ శుభ్రపఱచవలెను. ఇసుకరేణువు ఒక్కటి క్రింద నిలిచినను కురుపువలె కనబడును. బండిపైననే కత్తితో ఫిల్మును కోయు పనివా రున్నారు. ఆ కత్తిగాటు రంగులో దిగినచో, రాళ్లు చేయు పనిని మనమే డబ్బిచ్చి చేయించుకొన్నట్లగును. ముందుగా కొలతకు కత్తిరించి తెచ్చువారిని చూచుకొనుట మేలు. క్రొత్తగా రంగు వేయించిన భాగముమీద వెంటనే అతికింపరాదు. ఆ రంగు లోపలవఱకు ఆరుటకు కొన్ని వారములు పట్టును. ముందు భాగమున రాడారుగల బండ్లవారు ఆ చోటును కప్పుటకు ముందు బండి కంపెనీవారి పుస్తకము చూడవలెను.

బండి అంతయు కప్పుటకు మా కడిగిన ధర మావారి నెలజీతమును మించినది. అంత అక్కఱలేదని మా యభిప్రాయము. రాళ్లు తగులునది ముందు భాగమునకు. అందును బంపరుకే ఎక్కువ దెబ్బలు తగులును. కాని బంపరు ప్లాస్టికు, తుప్పుపట్టదు. పెచ్చులు లేచినచో చూపునకు బాగుండదు, అంతే. తుప్పు పట్టునది బానెటు ముందంచు, ముందద్దముపైని కప్పు అంచు, ముందు చక్రముల వెనుక తలుపు క్రిందిపట్టీ. (కొన్ని బండ్ల బానెటు అల్యూమినియము. దానికి అయస్కాంతము అంటుకొనదు, ఎఱ్ఱతుప్పు రాదు.) సొమ్ము చాలనివారు మొదట బానెటును, తరువాత కప్పు అంచును కప్పించుకొని, బంపరును దైవమునకు వదలుట మంచిది. బానెటు సగమే కప్పించినచో అంచు వెంబడి మురికిగీత యేర్పడును. గాంధారి చూపు సోకని దుర్యోధనుని తొడవలె (ఆ కథ వ్యాసభారతమున లేదుగాని లోకమున గలదు) దెబ్బ సరిగా మిగిలిన చోటనే పడుననియు అనుభవమున దెలిసినది. మేము 2023 వేసవిలో బానెటు నిండ కప్పించితిమి. కప్పు అంచు మానితిమి. ఆ కార్తికమున అచ్చట ఒక రాయి తగిలినది.

తోలుగుడ్డ ముసుగులు కొందఱు తొడుగుదురు. దానిక్రింద ధూళి చేరి రంగును రాపిడిపెట్టును, వానతడి నిలిచిపోవును. మే మొల్లము.

అన్నిటికంటె చౌకయైన కవచము ఎడము. ముందు లారీ ఒక స్తంభమును దాటిన పిదప మనము దానిని చేరుటకు మూడు క్షణములైన పట్టవలెను. కంకర లారీయైనచో ఇంకను ఎక్కువ. విసరబడిన రాయి అంతలో వేగము తగ్గి నేలకు దిగును. మిల్లుల దగ్గఱ మేము వెనుకబడి పోవుచుండగా వెనుకవారు హారను మ్రోగింతురు. మ్రోగించనిండు.

పెచ్చు లేచినచో ఏమి చేయవలెను? వారములోపల పూడ్చవలెను. బండిరంగు సంకేతము కంపెనీనిబట్టి తలుపు స్తంభముపైనగాని బానెటు క్రిందగాని చీటీమీద నుండును. ఆ సంఖ్య చెప్పి చిన్న సీసా రంగును, ప్రైమరును, తేటపూతను తెచ్చుకొనవలెను. తెలుపులో నెన్నియో తెలుపులు గలవు, కన్ను చూచి కొనరాదు. గాయమును కడిగి, ఆరనిచ్చి, లేచిన పెచ్చును గోటితో తీసి, తుప్పున్నచో సన్న గరుకుకాగితమును పెన్సిలు కొనకు చుట్టి ఆ చుక్కవఱకే గీచి, మెఱయు లోహము కనబడువఱకు పోనియ్యవలెను. స్పిరిటుతో తుడిచి చీపురుపుల్ల కొనతో ప్రైమరు బొట్టు పెట్టవలెను. ఆరిన పిదప రంగు. ఒక్కసారి నిండుగా గాక, ముగ్గు చుక్క పెట్టినట్లు పలుచగా రెండు మూడు మారులు. మఱునాడు తేటపూత. మిట్టమధ్యాహ్నము ఇనుము కాలునపుడును, ముసురు పట్టినపుడును ఈ పని వలదు. గోళ్లరంగు పూయుట చూచితిమి. అది నాలుగుదినములు నీటిని ఆపునేమోగాని త్వరలో ఊడును. చిన్న పెచ్చులకై భీమా కంపెనీ నాశ్రయించుట లాభము కాదు. ఒక యేడు పరిహార మడుగనివారికి సొంత నష్టపు భీమా రుసుములో 20 శాతము తగ్గింపు వచ్చును. అడిగినచో అది పోవును.

బానెటుమీది మా నాలుగైదు చుక్కలను ఇట్లే పూడ్చి, నెల గడచిన పిదప ఫిల్ము వేయించితిమి. దగ్గఱగా చూచినవారికి నేటికిని తెలియును. శుక్రవారము కడుగునపుడు కప్పు అంచు వెంబడి వ్రేలు జరిపి చూచుట అలవాటైనది. ఎఱ్ఱబొట్లు పెట్టినచో తుప్పు కనబడదని, మా అత్తగారు బండికి గంధపు బొట్లే పెట్టుమనుచున్నారు.