ఎంత పెట్టి గెలిచారు?

ఈ బడిలో పాఠాలు చెప్పే మాలో చాలామందిమి సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లమే. ఏది కనబడినా కొలిచి చూడటం మాకు అలవాటు. ఆటల సంగతి వచ్చినా "ఎవరు గెలిచారు?" అని అడిగి ఊరుకోము, "ఎంత పెట్టి గెలిచారు?" అని కూడా అడుగుతాము.

2002 బేస్‌బాల్ సీజన్ చూడండి. న్యూయార్క్ యాంకీస్ ఆటగాళ్ళ జీతాలకు సుమారు 12.5 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి 103 ఆటలు గెలిచింది. ఓక్లండ్ ఏథ్లెటిక్స్ సుమారు 4 కోట్లతో సరిగ్గా 103 ఆటలే గెలిచింది. అంటే ఒక్కో గెలుపు యాంకీస్‌కి దాదాపు 12 లక్షల డాలర్లు, ఓక్లండ్‌కి 4 లక్షలు!

ఎలాగంటారా? జనరల్ మేనేజర్ బిల్లీ బీన్ బృందం, బ్యాటర్ ఎన్నిసార్లు అవుట్ కాకుండా బేస్ చేరుతున్నాడో లెక్క చూసింది. ఓపికగా నాలుగు చెడ్డ బంతులు వదిలేసి నడిచి వెళ్ళేవాడికి చప్పట్లు తక్కువ, కనుక ధరా తక్కువే. మోచేతి గాయంతో క్యాచర్‌గా ఆడలేని స్కాట్ హాట్టెబర్గ్‌ని ఓక్లండ్ తీసుకుని ఫస్ట్ బేస్‌లో నిలబెట్టింది. సెప్టెంబరు 4న వరుసగా 20వ గెలుపు అతని హోమ్ రన్‌తోనే వచ్చింది.

లెక్కే సర్వస్వం అని మేము అనము. ఆ ఏడు సై యంగ్ అవార్డు అందుకున్న పిచ్చర్ బారీ జీటో కూడా ఓక్లండ్ ఆటగాడే. లీగ్‌కి కొత్త కాబట్టి అతని జీతమూ తక్కువే. పైగా ఆ జట్టు ప్లేఆఫ్స్ మొదటి రౌండులోనే మిన్నెసోటా చేతిలో ఓడింది. అయినా, చప్పట్లు పడని చోట కూడా ప్రతిభ ఉంటుందని ఆ లెక్క చూపించింది.

మరి మన బడిలో? ఏటా బహుమతులు పద్యం గడగడా చెప్పిన పిల్లలకే ఇస్తున్నాము. ఇంట్లో బామ్మా తాతయ్యా ఉండి, రోజూ తెలుగు వినే పిల్లలు ముందుండటం సహజమే. సెప్టెంబరులో 'అ' గుర్తుపట్టలేని పాప, మే నెలకి ఊళ్ళో ఉన్న అమ్మమ్మతో ఫోన్లో నాలుగు మాటలు తెలుగులో మాట్లాడితే, ఆమె నడిచిన దూరం తక్కువా? మా మార్కుల పట్టికలో ఆ దూరానికి గడే లేదు. లోపం పాపది కాదు, మా కొలబద్దది.

వచ్చే ఏడు నుంచి మొదటి రోజు ఎవరు ఎక్కడున్నారో కూడా రాసిపెట్టుకుందాం. బహుమతి ఇచ్చే రోజు ఆ కాగితం తీసి చూద్దాం.